కణంలో కావలివాడు

మన శరీరంలో ఒక జీవకణం రెండు కావాలంటే ముందుగా తనలోని డి.ఎన్.ఏ.కు నకలు తీసుకోవాలి. డి.ఎన్.ఏ. రెండు పేటల తాడులాంటిది. మనిషి కణంలో ఇటువంటి తాళ్లు 46 ఉంటాయి. వాటిలో అక్షరాల జతలు సుమారు 600 కోట్లు! ఇదంతా నకలు చేయడానికి పట్టే కాలం దాదాపు 8 గంటలే. ఒక కొసనుంచి మొదలుపెడితే ఇది అయ్యే పని కాదు. అందుకని వేలకొద్దీ చోట్ల పని జరుగుతుంది.

పని జరిగే చోట ఒక మాంసకృత్తు తాడు పురి విప్పుతూ ముందు పోతుంది. దాని వెనకనే మరికొన్ని, విడిపోయిన ఒక్కొక్క పేటకూ జోడుపేట అల్లుకుంటూ వస్తాయి. ఎండ తగిలి ఒక అక్షరం చెడిందనుకోండి, లేదా అల్లడానికి ముడిసరుకు చాలలేదనుకోండి. అల్లేవి ఆగిపోతాయి. పురి విప్పేది మాత్రం ఇంకా కొంత దూరం పోతుంది. దాంతో జోడు లేని పేట బయటపడుతుంది.

కణానికి అదే ప్రమాద సూచన. ఆ ఒంటి పేటను వెంటనే ఒక మాంసకృత్తు కప్పేస్తుంది. ఆ కప్పు ఉన్నచోటికి ఏ.టి.ఆర్. అనే కావలివాడు వచ్చి, చెక్-1 అనే బంటును లేపుతాడు. అప్పుడు రెండు ఆజ్ఞలు వెలువడతాయి: కణం ఇప్పుడు చీలరాదు, ఇంకా పని మొదలుకాని దూరపు చోట్ల నకలు ప్రారంభించరాదు. రెండో ఆజ్ఞ విడ్డూరంగా లేదూ? పని వెనకబడితే ఇంకా ఎక్కువమందిని దించాలి గాని! కాని ఒంటి పేటలను కప్పే మాంసకృత్తు కణంలో కొంతే ఉంటుంది. అన్ని చోట్లా ఒక్కసారే పురి విప్పితే అది చాలదు. కప్పు లేని పేటలు తెగిపోతాయి.

కణంలో ఇటువంటి కాపలా ఉన్నదని బయటపెట్టినది రొట్టెపిండిని పులియబెట్టే ఈస్టు. 1988లో అమెరికాలోని సియాటిల్ నగరంలో వైనర్ట్, హార్ట్‌వెల్ అనే శాస్త్రజ్ఞులు ఈస్టు కణాలమీద ఎక్స్-కిరణాలు ప్రసరింపజేశారు. మామూలు కణాలు చీలడం మానుకుని, తెగిన డి.ఎన్.ఏ.ను బాగుచేసుకున్నాయి. రాడ్-9 అనే జన్యువు చెడిన కణాలు ఆగకుండా చీలి చచ్చాయి. అప్పుడు వాళ్లొక తమాషా చేశారు. అటువంటి కణాలనే ఒక మందుతో బలవంతాన కొన్ని గంటలు ఆపి ఉంచారు. ఈసారి మునుపటికన్నా చాలా ఎక్కువ కణాలు బతికాయి! అంటే అవి మరమ్మతు చేతగాక కాదు, ఆగడం చేతగాక చచ్చాయన్నమాట. 2001లో నోబెల్ బహుమానం పంచుకున్న ముగ్గురిలో హార్ట్‌వెల్ ఒకరు.

అది తెగిన తాడు సంగతి. నకలు మధ్యలో నిలిచిపోతే చూసుకునేందుకు ఈస్టులో మెక్-1 ఉన్నది. ఇది మన ఏ.టి.ఆర్.కు బంధువే. మెక్-1 చెడిన ఈస్టుకు నకలు ఆపే మందు ఇస్తే, ఆ కణాలు అరకొర నకలుతోనే చీలబోయి చస్తాయని 1994లో తెలిసింది.

క్యాన్సరు కణాలు హడావుడిగా నకళ్లు తీస్తాయి. అందుచేత వాటి పని మాటిమాటికీ నిలిచిపోతూ ఉంటుంది. కావలివాడి అవసరం వాటికే ఎక్కువ. అందుకే ఏ.టి.ఆర్.ను నిద్రపుచ్చే మందులు తయారుచేసి, వైద్యులు రోగులకిచ్చి పరీక్షిస్తున్నారు. చిక్కల్లా ఒకటే: మన మంచి కణాలకు కాపలా కాసేది కూడా వాడే.