దిగులు పురుగులతో యుద్ధం

పిల్లలూ! జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి కనిపెట్టేస్తుంది. కాని మనసుకు వచ్చే జబ్బు చేతికి తగలదు. వారాల తరబడి ఏ ఆటా రుచించకపోవటం, నిద్ర పట్టకపోవటం, అన్నం సయించకపోవటం, ఎందుకూ పనికిరానని అనిపిస్తూ ఉండటం బద్ధకమూ కాదు, పెంకితనమూ కాదు. వైద్యులు దీన్ని డిప్రెషన్ అంటారు, అంటే కుంగుబాటు. దీనికి వైద్యం ఉన్నది.

ఆ వైద్యాల్లో ఒకదానికి 1960 ప్రాంతాల అమెరికాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు పునాది వేశాడు. కుంగిన మనసులోకి చెడ్డ ఆలోచనలు పిలవకుండానే వస్తాయి. వచ్చిన ప్రతిదాన్నీ నమ్మెయ్యక, "ఇది నిజమేనా?" అని అడగటం నేర్పుతారు.

అయితే ఇది నేర్పేవాళ్ళు అన్ని ఊళ్ళలోనూ ఉండరు. పైగా, కొత్త మనిషి ఎదట మనసు విప్పాలంటే పదిహేనేళ్ళవాడు సిగ్గుపడతాడు. అందుచేత న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు, డాక్టర్ సాలీ మెర్రీ నాయకత్వాన, ఈ పాఠాన్ని కంప్యూటరు ఆటగా తయారుచేశారు. దాని పేరు స్పార్క్స్.

ఆ ఆటలో, కథల్లోలాగే, ఒక వింత రాజ్యం ఉన్నది. అక్కడ చీకటి ఆలోచనలు పురుగుల్లాగా ముసురుతాయి. ఆడేవాడు వాటిని తరుముతూ ఏడు సీమలు దాటాలి. గుహలో ఆశ పెట్టుకోవటం, మంచుసీమలో ఊరికే కూచోకుండా ఏదో ఒక పని చెయ్యటం, అగ్నిపర్వతం దగ్గర కోపాన్ని అదుపులో పెట్టటం, కొండ మీద చిక్కులు విడదీసుకోవటం, చిత్తడినేలలో చెడ్డ ఆలోచనను గుర్తుపట్టటం, వంతెనల సీమలో దానికి జవాబు చెప్పటం నేర్చుకుంటాడు. ఏడోచోట నేర్చినదంతా కలిపి వాడతాడు.

లెక్కల పరీక్ష తప్పినవాణ్ణి "నాకేదీ రాదు" అనే పురుగు కుట్టిందనుకోండి. "ఏదీ రాదా? ఈత వచ్చునే! తమ్ముడికి తెలుగు పాఠం చెప్పానే! రానివి భిన్నాలు మాత్రమే" అని జవాబు చెబితే దాని కాటుకు విషం తగ్గుతుంది.

ఇంతకూ ఆట పనిచేసిందా? 12 మొదలు 19 ఏళ్ళ వరకు వయసుగల 187 మందిని, చీట్లు వేసినట్టుగా, రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఈ ఆట ఆడింది. రెండోదానికి మామూలు వైద్యం జరిగింది. అంటే ముఖ్యంగా సలహాదారుతో ఎదురెదురుగా మాట్లాడటం. 2012లో ఫలితాలు ప్రచురించారు. ఆట మామూలు వైద్యానికి ఏమీ తీసిపోలేదు! 2014లో దాన్ని ఆ దేశపు పిల్లలకు ఉచితంగా అందించారు.

అయితే ప్రాణం తీసుకునే ప్రమాదం ఎక్కువగా ఉన్న పిల్లలను ఆ పరీక్షలో చేర్చుకోలేదు. అటువంటివారికి ఆట చాలదు; మనిషి సాయం వెంటనే కావాలి.

పెద్దలారా! దిగులుగా ఉన్న పిల్లలను "నీకేం తక్కువైంది?" అని కసరకండి. పక్కన కూచుని వినండి, డాక్టరుకు చూపించండి. మన దేశంలో 2022లో ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 నంబరుమీద ఫోను చేసి, ఖర్చులేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

పిల్లలూ! మీ స్నేహితుడు "బతకాలని లేదు" అన్నాడా? ఎవరికీ చెప్పవద్దని ఒట్టు పెట్టించుకున్నా సరే, వెంటనే పెద్దవాళ్ళకు చెప్పండి. అది చాడీ కాదు, ప్రాణం కాపాడటం!