డిజైన్ మీది, కళ్ళు మావి

లినక్స్ డెస్క్‌టాప్‌కి థీములు వేసుకోవడం పనిలేని కుర్రాళ్ళ సోకు అని చాలామంది తీసిపారేస్తారు. తెరను ఇంగ్లీషులో చూసేవాళ్ళ విషయంలో ఆ మాట చెల్లుతుందేమో. తెలుగులో చూసేవాళ్ళ విషయంలో చెల్లదు.

2019లో కొందరు గ్నోమ్ డెవలపర్లు ఒక బహిరంగ లేఖ రాశారు. డిస్ట్రోలు తమ థీముల్ని మా అప్లికేషన్లకి తొడిగేస్తున్నాయి, వాటివల్ల చెడిపోయినదానికి తిట్లు మాకు పడుతున్నాయి అని వాళ్ళ గోడు. న్యాయమే. ఎవడో చేసినదానికి డెవలపర్ ఎందుకు జవాబు చెప్పాలి? సొంత కంప్యూటర్ మీద ఎవరి ప్రయోగాలు వాళ్ళు చేసుకోవచ్చనీ ఆ లేఖలోనే ఉంది.

కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. 2021 చివరి రోజున వచ్చిన లిబ్‌అద్వైతా సిస్టం థీముని పట్టించుకోవడం మానేసింది. 2024లో గ్నోమ్ 47 తొమ్మిది రంగుల్లో ఒకటి ఎంచుకోనిచ్చింది, సంతోషం. అంతకుమించి కావాలంటే సీఎస్ఎస్ ఫైలు రాసుకుని దొడ్డిదారిన పోవాలి. రేపటి వెర్షన్లో అది పనిచేస్తుందన్న హామీ లేదు.

ఇంతకీ వాళ్ళు అంతగా కాపాడుకునే డిజైన్ మన దాకా వస్తోందా? గ్నోమ్ ఏళ్ళ తరబడి వాడిన కాంటరెల్ ఫాంటులో తెలుగు అక్షరాలే లేవు. తెర తెలుగులోకి మారగానే లోహితో నోటోనో వచ్చి కూర్చుంటుంది. దాని ఎత్తు వేరు, మందం వేరు. మన వత్తు కిందికి దిగుతుంది, గుడి పైకి లేస్తుంది. ధ కడుపులో చుక్క పడితే థ, ర కడుపులో పడితే ఠ. మసకరంగు చిన్నక్షరాల్లో ఆ చుక్క కనపడకపోతే మాటే మారిపోతుంది.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో లినక్స్ నేర్చుకునేవాళ్ళనీ, కృష్ణానగర్ గదుల్లో పాత లాప్‌టాప్ ముందు రాత్రంతా సీన్లు రాసుకునేవాళ్ళనీ తల్చుకోండి. ఆ తెరమీద, ఆ ట్యూబ్‌లైటు కింద, ఏ రంగు మీద ఏ రంగు కళ్ళకి ఆనుతుందో ఎక్కడో ఉన్న డిజైనర్‌కి ఎలా తెలుస్తుంది? పెద్ద అక్షరాలు, హై కాంట్రాస్ట్ ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి. హీరో కొలతలకి కుట్టిన చొక్కాని జూనియర్ ఆర్టిస్టుకి తొడిగి, కావాలంటే ఇంకో సైజుంది అన్నట్టు ఉన్నాయి. పిన్నీసు పెట్టుకోనివ్వండి మహాప్రభో అంటున్నాం.

అడిగేది పెద్ద కోరికేం కాదు. ఫాంటు, వరుసల మధ్య ఎడం, అక్షరం రంగు, వెనకరంగు. ఈ నాలుగూ సెట్టింగ్స్‌లోనే ఉండాలి. పక్కన అన్నిటినీ మళ్ళీ మొదటికి తెచ్చే బటన్ ఒకటి. ఫిర్యాదు చేసేవాడు ముందు అది నొక్కి చూస్తాడు. అప్పటికీ తప్పు కనిపిస్తే డెవలపర్‌ది, లేకపోతే వాడిది. కేడీఈ రంగుల ఎంపికని ఎప్పట్నుంచో వాడేవాళ్ళ చేతికే వదిలేసింది. కొంపలేం మునగలేదు.

సోర్సు కోడంతా మార్చుకో, అక్షరం రంగు మాత్రం ముట్టుకోకు అంటే అదేం స్వేచ్ఛ?