ప్రజల బండి

పిల్లలూ! తపాలా బిళ్ళలు పోగుచేసి ఆల్బములో అంటించుకునే అలవాటు మీలో కొందరికి ఉండే ఉంటుంది. జర్మనీలో ఒకప్పుడు మూడు లక్షలమందికి పైగా పెద్దవాళ్ళు ఇలాగే వారం వారం బిళ్ళలు కొని పుస్తకాల్లో అంటించారు. అవి తపాలా బిళ్ళలు కావు. ఒక్కొక్క బిళ్ళ ఖరీదు 5 మార్కులు. మార్కు అంటే అప్పటి జర్మన్ల నాణెం. బిళ్ళలతో పుస్తకాలు నిండిన నాడు ఇంటి ముందుకు కొత్త మోటారు కారు వచ్చి నిలబడుతుందని ప్రభుత్వం వారికి చెప్పింది.

ఆ కారునే తర్వాత లోకమంతా ఫోక్స్‌వాగన్ అన్నది. మనలో కొందరు వోక్స్‌వాగన్ అంటారు గాని, జర్మన్లు ఆ మొదటి అక్షరాన్ని "ఫ" అనే పలుకుతారు. ఆ మాటకు ప్రజల బండి అని అర్థం.

ఇది 1938 నాటి సంగతి. ఆ రోజుల్లో జర్మనీలో కారు ఉన్నవాడంటే డాక్టరో, వర్తకుడో అయి ఉండాలి. కార్ఖానాలో పనిచేసేవాడు సైకిలెక్కి పనికి పోయేవాడు. కాస్త కలిగినవాడు మోటారు సైకిలు కొనేవాడు. దేశాన్ని ఏలుతున్న హిట్లరు, పనివాళ్ళకు కూడా కార్లు ఇప్పిస్తానన్నాడు. దాని ధర 990 మార్కులు. ఇద్దరు పెద్దవాళ్ళూ, ముగ్గురు పిల్లలూ అందులో పట్టాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోవాలి. పెట్రోలు తక్కువ తాగాలి.

ఇలాంటి బండిని తయారుచేసే పని 1934లోనే ఫెర్డినాండ్ పోర్షే అనే ఇంజనీరుకు అప్పగించారు. చిన్న కారు చేయాలని ఆయనకు ఎంతోకాలంగా కోరిక. అయితే అందులోని ఊహలన్నీ ఆయన ఒక్కడివే అనుకోకండి. పొరుగున ఉన్న చెకోస్లొవేకియాలో టాట్రా కంపెనీవారు అప్పటికే ఇలాంటి కార్లు చేస్తున్నారు. తమ ఊహలు వాడుకున్నారని వారు వ్యాజ్యం వేశారు. అది 1965లో గాని తెమలలేదు. ఫోక్స్‌వాగన్ డబ్బు ఇచ్చి రాజీపడింది.

ఇక ఆ బండి సంగతి చూడండి. ఇంజను పనిచేస్తున్నప్పుడు విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడిని తీసివేయకపోతే లోపలి భాగాలు బిగుసుకుపోతాయి. అందుచేత మామూలు కార్లలో ఇంజను చుట్టూ నీరు తిరుగుతూ ఉంటుంది. వేడెక్కిన నీరు ముందున్న రేడియేటరులోకి పోయి, చల్లబడి, తిరిగి ఇంజనులోకి వస్తుంది. మన దేశంలో చాలాచోట్ల దీనితో పేచీ లేదు. ఆ రోజుల్లో జర్మనీలో చలికాలం రాత్రి ఈ నీరు గడ్డకట్టుకుపోయేది. నీరు మంచుగడ్డ అయితే ఎక్కువ చోటు ఆక్రమిస్తుందని మీ సైన్సు పుస్తకంలో చదివే ఉంటారు. అలా ఉబ్బిన మంచుగడ్డ ఇనుప ఇంజనును సైతం పగలగొట్టగలదు. డబ్బున్నవాడు కారును వెచ్చని షెడ్డులో పెట్టుకుంటాడు. పనివాడి కారు రాత్రంతా వీధిలోనే ఉండాలి గదా!

అందుకని పోర్షే అసలు నీరే లేకుండా చేశాడు. ఈ ఇంజనుకు గాలే చలవ. నాలుగు సిలిండర్లను నిలబెట్టకుండా, అటు రెండు ఇటు రెండు పడుకోబెట్టారు. ఒక్కొక్క సిలిండరు చుట్టూ పలచటి లోహపు రెక్కలు ఉంటాయి. మోటారు సైకిలు ఇంజను మీద వరసగా ఉండే రెక్కలు చూశారు గదా, అలాంటివే. వేడి కాఫీ గ్లాసులో కంటే సాసరులో త్వరగా చల్లారుతుంది. ఎందుచేతనంటే దానికి గాలి తగిలే మేర ఎక్కువ. రెక్కలు చేసే పని కూడా ఇదే. ఇంజనుతోపాటు తిరిగే ఒక పంకా ఆ రెక్కల మధ్యకు గాలిని తోస్తుంది. రేడియేటరు లేదు, గొట్టాలు లేవు, కారిపోవటానికి నీరు లేదు.

ఇంజనును తెచ్చి వెనక పెట్టారు. బండిని నడిపే చక్రాలు కూడా వెనకవే కావటంచేత, ఇంజను బరువు వాటి మీద పడి బురదలోనూ, మంచులోనూ చక్రాలు జారకుండా పట్టు దొరికింది. ముందున ఖాళీ అయిన చోటు సామాన్లకు డిక్కీ అయింది. పైభాగమంతా గుండ్రంగా, పెంకుపురుగు వీపులాగా ఉండేది. తర్వాత జర్మన్లు దీన్ని కేఫర్ అనీ, ఇంగ్లీషువాళ్ళు బీటిల్ అనీ అన్నారు. రెండింటికీ పెంకుపురుగు అనే అర్థం.

బండి మంచిది. అందులో సందేహం లేదు. మరి బిళ్ళలు అంటించినవారి గతి ఏమయింది?

వారానికి 5 మార్కుల చొప్పున 990 మార్కులు కట్టటానికి 198 వారాలు పడుతుంది. అంటే నాలుగేళ్ళకు కాస్త తక్కువ. పనివాడికి వారానికి సుమారు 30 మార్కులు జీతం; అందులో 5 మార్కులు తీయటం మాటలు కాదు. కట్టిన డబ్బుకు వడ్డీ లేదు. మధ్యలో మానేస్తే ఆ డబ్బు తిరిగి రాదు. అయినా 3 లక్షల 36 వేలమంది చేరారు. ఫాలర్స్‌లేబెన్ అనే ఊరి దగ్గర, ఒక పెద్ద కాలవ గట్టున, 1938 మే నెలలో కార్ఖానాకు శంకుస్థాపన జరిగింది. దాన్ని కట్టటానికి వాడిన డబ్బులో కూడా, ప్రభుత్వం అంతకు ముందు కార్మిక సంఘాల నుంచి లాక్కున్న సొమ్ము ఉన్నది.

1939లో యుద్ధం వచ్చింది. కార్ఖానా సైన్యానికి బండ్లు చేయసాగింది. బీటిల్ చట్రం మీదే పైకప్పు లేని సైనికుల బండి ఒకటీ, నీళ్ళలో ఈదే బండి మరొకటీ తయారుచేశారు. అసలు కార్లు కొద్ది వందలు మాత్రం తయారై, హిట్లరు పార్టీ పెద్దలకూ, అధికారులకూ పోయాయి. బిళ్ళలు అంటించినవారికి ఒక్క కారు కూడా రాలేదు.

అంతకంటె ఘోరం ఏమిటంటే, యుద్ధకాలంలో ఆ కార్ఖానాలో పనిచేసినవారిలో చాలామంది ఇష్టపడి వచ్చినవారు కారు. పోలెండు, సోవియట్ యూనియను, ఫ్రాన్సు, ఇటలీ దేశాల నుంచి పట్టుకువచ్చినవారినీ, యుద్ధఖైదీలనూ, నిర్బంధ శిబిరాల్లోని యూదులనూ తెచ్చి, ఆకలితో మాడ్చి పని చేయించారు. ఇలా అక్కడ వెట్టిచాకిరీ చేసినవారు సుమారు 20 వేలమంది. కంపెనీ వారికోసం సహాయనిధి పెట్టినది 1998లో. అప్పటికి ఎంతమంది బతికి ఉంటారో మీరే ఆలోచించండి. ఆ మరుసటి ఏడు, కార్ఖానా లోపల ఒకప్పటి బాంబు రక్షణ గదుల్లో వారి జ్ఞాపకార్థం ఒక ప్రదర్శన ఏర్పాటు చేశారు.

1945 ఏప్రిలులో అమెరికన్ సైన్యం వచ్చి వారిని విడిపించింది. తర్వాత ఆ ప్రాంతం బ్రిటిష్ వారి అధీనంలోకి పోయింది. పక్కన ఉన్న పాత కోట పేరును బట్టి ఊరికి వోల్ఫ్స్‌బుర్గ్ అని కొత్త పేరు పెట్టారు. కార్ఖానా బాంబులకు బాగా దెబ్బతిన్నది. మిగిలిన యంత్రాలను ఊడదీసి యుద్ధ నష్టపరిహారం కింద పంపేయాలని అనుకున్నారు.

ఆ ఆగస్టులో ఐవన్ హర్స్ట్ అనే బ్రిటిష్ మేజరు అక్కడికి వచ్చాడు. వయసు 29. అతను చేసిన మొదటి పనుల్లో ఒకటి, కప్పు చీల్చుకుని పడి పేలకుండా ఉన్న ఒక బాంబును తీయించటం. అది సరిగ్గా ఎక్కడా దొరకని యంత్రాల మధ్య పడి ఉన్నది. అదే పేలి ఉంటే బీటిల్ కథ అక్కడితో సరి! బ్రిటిష్ సైన్యానికి అప్పట్లో బండ్లు కావాలి. హర్స్ట్ ఒక పాత బీటిల్‌కు సైన్యపు ఆకుపచ్చ రంగు వేయించి పై అధికారులకు పంపాడు. వారికి నచ్చింది. 20 వేల బండ్లకు ఆర్డరు వచ్చింది.

ఆర్డరైతే వచ్చింది గాని, సరుకు ఏది? ఉక్కు దొరకదు. కిటికీలకు అద్దాలు లేవు. పనివాళ్ళకు తిండి చాలదు. ఇంజనుకు గాలినీ పెట్రోలునూ కలిపి ఇచ్చే కార్బురేటరు అనే భాగం బయటినుంచి రావటం మానేసింది. హర్స్ట్ ఒక కార్బురేటరును విప్పించి చూశాడు. అందులోని పెద్ద ముక్కలు కార్ఖానాలోనే పోతపోయించాడు. సన్నటి చిన్న ముక్కలను దగ్గరి పట్నంలో కెమెరాలు చేసేవారి చేత చేయించాడు. 1946 మార్చి నాటికి నెలకు వెయ్యి కార్లు రాసాగాయి. ఇది చిన్న విషయం కాదని నా ఉద్దేశం. అప్పటికి కొద్దికాలం కిందట యుద్ధంలో ఎదురుబొదురు నిలిచినవాళ్ళు, కలిసి చేసిన పని అది.

ఇంగ్లండులో కార్లు చేసే పెద్దలు వచ్చి ఈ బండిని పరీక్షించారు. వికారంగా ఉన్నదనీ, చప్పుడు ఎక్కువనీ, కొనేవాడికి నచ్చదనీ వారు తేల్చారు. కార్ఖానాను తీసుకోవటానికి వారెవరూ ముందుకు రాలేదు!

1948 జనవరిలో హైన్జ్ నోర్డ్‌హాఫ్ అనే జర్మన్ అక్కడ పెద్ద అయ్యాడు. ఆ మరుసటి ఏడు బ్రిటిష్ వారు కార్ఖానాను జర్మన్లకు ఒప్పజెప్పారు. నోర్డ్‌హాఫ్ బండి రూపాన్ని మార్చలేదు. లోపలి భాగాలను మాత్రం ఏటేటా బాగుచేస్తూ వచ్చాడు. ఎక్కడ చెడిపోయినా బాగుచేసే మనిషీ, విడి భాగాలూ దొరికేటట్టు చూశాడు. చాలా ఏళ్ళపాటు ఈ కారులో పెట్రోలు ఎంత ఉన్నదో చూపే ముల్లు కూడా లేదు! పెట్రోలు అయిపోయి ఇంజను దగ్గటం మొదలుపెడితే, నడిపేవాడు ఒక మీట తిప్పేవాడు. తొట్టి అడుగున మిగిల్చి ఉంచిన కొద్ది లీటర్లు వచ్చేవి. అయినా జనం విరగబడి కొన్నారు. 1955 ఆగస్టులో పది లక్షలవ బీటిల్ తయారైంది. దానికి బంగారు రంగు వేశారు.

అప్పుడు పాత బిళ్ళల పుస్తకాలవాళ్ళు కోర్టుకెక్కారు. "మా డబ్బు తీసుకున్నారు. మా కార్లేవి?" అని వారి ప్రశ్న. "ఆ డబ్బు మాకు చేరలేదు. బెర్లినులో బ్యాంకులో ఉంటే రష్యన్ సైన్యం పట్టుకుపోయింది," అని కంపెనీ జవాబు. ఇద్దరు చెప్పినదీ నిజమే. ఆ వ్యాజ్యం ఏళ్ళ తరబడి సాగి 1961లో రాజీ అయింది. బిళ్ళలన్నీ అంటించినవారికి కొత్త కారు ధరలో 600 మార్కులు తగ్గిస్తారు. కారు వద్దంటే 100 మార్కులు చేతిలో పెడతారు. 1938లో బిళ్ళలు మొదలుపెట్టిన యువకుడికి అప్పటికి తల నెరసి ఉంటుంది.

ఇంకొక బండి సంగతి చెప్పాలి. కార్ఖానాలో సామాన్లు మోయటానికి బీటిల్ చట్రం మీద బల్లలాంటి బండ్లు చేసుకున్నారు. 1947లో బెన్ పోన్ అనే డచ్చి వర్తకుడు వాటిని చూసి, తన నోటు పుస్తకంలో చక్రాలమీద పెట్టెలాంటి బొమ్మ ఒకటి గీశాడు. అదే 1950లో ఫోక్స్‌వాగన్ వ్యానుగా బయటికి వచ్చింది. పాలు పోసేవాళ్ళూ, రొట్టెలవాళ్ళూ దాన్ని కొన్నారు. తర్వాత దేశాలు తిరిగే కుర్రకారు అందులోనే వండుకుని, అందులోనే పడుకుని ఐరోపా నుంచి మన దేశం దాకా వచ్చారు.

1972 ఫిబ్రవరి 17న 1,50,07,034వ బీటిల్ తయారై, అమెరికాలో ఫోర్డు చేసిన మోడల్ టి కారు లెక్కను మించింది. కాని అప్పటికే రోజులు మారాయి. ఇతర కంపెనీల కార్లలో చోటు ఎక్కువ, చప్పుడు తక్కువ. ఒక్క బండినే నమ్ముకుని కూర్చున్న కంపెనీ పెద్ద నష్టంలో పడింది. 1974లో గోల్ఫ్ అనే కారు వచ్చి దాన్ని గట్టెక్కించింది. ఇటలీ దేశస్థుడు జ్యూజారో దానికి రూపం ఇచ్చాడు. బీటిల్‌కు అన్నీ ఎదురు! ఇంజను ముందు, చలవకు నీరు, గుండ్రానికి బదులు పలకలు. 2002లో గోల్ఫ్ లెక్క బీటిల్‌ను దాటింది. ఆఖరి పాతరకం బీటిల్ 2003 జులై 30న మెక్సికోలోని పుయెబ్లాలో తయారైంది. అది 2,15,29,464వ బండి. పనివాళ్ళు పూలు పెట్టి, పాటగాళ్ళను పిలిపించి దానికి వీడ్కోలు చెప్పారు.

ఇంత పేరు తెచ్చుకున్న కంపెనీ, 2015లో మళ్ళీ జనం నమ్మకం పోగొట్టుకుంది. దాని డీజిలు కార్లలో ఒక మోసం బయటపడింది. పరీక్ష జరుగుతున్నప్పుడు పొగలో విషవాయువులు తక్కువగా వదిలి, రోడ్డెక్కగానే ఎక్కువ వదిలేటట్టు వాటిని అమర్చారు. అలాంటి కార్లు ప్రపంచం మొత్తంమీద ఒక కోటీ పది లక్షలు.

ముందుగా డబ్బు కట్టి కార్లు రాకపోవటం జర్మనీలోనే జరిగిందనుకోకండి. విశాఖపట్నంలో ఫోక్స్‌వాగన్ కార్ఖానా వస్తుందని 2005లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుమారు 11 కోట్ల రూపాయలు ఇచ్చింది. ఆ డబ్బు చేరింది ఫోక్స్‌వాగనుకు కాదు, మధ్యలో వెలిసిన మరొక కంపెనీకి. దాని మీద సి.బి.ఐ. విచారణ జరిగింది. కార్ఖానా మాత్రం మహారాష్ట్రలో, పూనా దగ్గరి చాకన్‌లో 2009లో వెలిసింది.

2022 వరకు అక్కడ చేసిన పోలో కార్లు మన రోడ్ల మీద చాలా కనిపిస్తాయి. ఎవరైనా పోలో ముందు మూత ఎత్తినప్పుడు చూడండి. లోపల ఇంజను ఉంటుంది, దాని ముందు రేడియేటరు ఉంటుంది. అదే పాత బీటిల్ అయితే ఆ చోట పెట్టెలూ, పెట్రోలు తొట్టీ, ఒక అదనపు చక్రం కనిపిస్తాయి. ఇంజను కోసం మీరు వెనక్కి నడిచి వెళ్ళవలసిందే.