ఒడి భద్రమే.. కారులో కాదు!

లక్షలు పోసి కారు కొంటాం. పసిబిడ్డను మాత్రం ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం. ‘గట్టిగా పట్టుకుంటాగా’ అన్న ధీమా! 50 కిలోమీటర్ల వేగంలో కారు దేన్నైనా ఢీకొంటే 10 కిలోల బిడ్డను ఏ చేతులూ ఆపలేవు. ఎయిర్‌బ్యాగ్‌ తెరుచుకుంటే ముప్పు ఇంకా ఎక్కువ.

14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో, చైల్డ్‌ సీటో లేకపోతే రూ.1000 జరిమానా అని 2019 సవరణ చట్టం చెబుతోంది. జరిమానాకు భయపడి కాదు, బిడ్డ కోసం సీటు కొనండి. దాన్ని వెనక సీట్లోనే బిగించండి. కనీసం రెండేళ్లు నిండేదాకా బిడ్డ ముఖం వెనక అద్దం వైపే ఉండాలి. బిగించాక బెల్టు దగ్గర పట్టుకుని ఊపి చూడండి. అంగుళం మించి కదలకూడదు. భుజం దగ్గర పట్టీ వేళ్లతో మడత పెట్టేంత వదులుగా ఉండకూడదు.

బిడ్డ ఏడిస్తే? కారు ఆపి ఎత్తుకోండి. కదిలే కారులో మాత్రం వద్దు.