సర్వేయర్ రాసిందే శాసనం కాదు

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోకి వచ్చింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్లో ఇళ్లూ కొట్లూ రోజుల తరబడి నీళ్లలోనే నానాయి. ఇలాంటి ప్రతి విపత్తు తర్వాతా, బీమా సొమ్ము అనుకున్నదాంట్లో సగం కూడా రాని మనిషికి చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా ఒక్కటే: ‘సర్వేయర్ రాసిందే ఫైనల్. సంతకం పెట్టి వచ్చింది పుచ్చుకో. కోర్టుకెళితే ఆ కాస్తా లాయరు ఫీజులకే పోతుంది.’ ఏజెంటు ఇదే చెబుతాడు, బావమరిది ఇదే చెబుతాడు. మంచి కోరే చెబుతారు. కానీ ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు. ఈ మాట నమ్మి నోరు మూసుకున్న కుటుంబాలు తమకు హక్కుగా రావాల్సిన డబ్బు వదులుకుంటున్నాయి.

సర్వేయర్ సంగతే ముందు చూద్దాం. అతనికి లైసెన్సు ఉంది, అతని నివేదికకు విలువ ఉంది, కాదనను. కానీ 1938 నాటి బీమా చట్టంలోని 64యూఎం సెక్షన్, అతను వేసిన మొత్తానికి భిన్నంగా చెల్లించే అధికారాన్ని కంపెనీకే ఇచ్చింది. కంపెనీనే కట్టిపడెయ్యని అంకె పాలసీదారుణ్ని ఎలా కట్టిపడేస్తుంది? న్యూ ఇండియా అస్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో 2009లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. సర్వేయర్ నివేదిక క్లెయిముకు ఆధారం కావచ్చు, దాన్ని దాటి వెళ్లకూడదనేమీ లేదు. అయితే దాటాలంటే మన దగ్గర సాక్ష్యం ఉండాలి. నివేదిక చూడకుండా సాక్ష్యం కూర్చలేం. అందుకే మొదట చెయ్యాల్సిన పని, ఆ నివేదిక కాపీ ఇమ్మని కంపెనీని రాతపూర్వకంగా అడగడం. ఎంత ఇచ్చారో అందరికీ తెలుసు. ఎందుకంతే ఇచ్చారో అడిగేవాళ్లే తక్కువ.

ఒక చీరల కొట్టు అనుకోండి. బురదనీళ్లలో మునిగి, మడతల్లోనే రంగులు కలిసిపోయిన చీరలు. నివేదికలో ‘సాల్వేజ్’ అని ఒక పద్దు ఉంటుంది. పాడైన సరుకు అమ్మితే ఎంతొస్తుందో అంచనా కట్టి, నష్టంలోంచి ఆ మేరకు కోస్తారు. పట్టుచీరా, పాలిస్టర్ చీరా అని చూడకుండా మొత్తానికి ఒకే శాతం వేశారనుకోండి, అక్కడ పట్టుకోవాలి. ఆ ధరకు కొనేవాణ్ని తీసుకురండి, ఇప్పుడే ఇచ్చేస్తామని ఉత్తరం రాయాలి. తడిసిన సరుకు ఎంతకు పోతుందో పాతబట్టల వ్యాపారి చేత రాయించి జత చెయ్యాలి. బిల్లు పుస్తకాలు నీళ్లపాలైతే జీఎస్టీ రిటర్నులు ఉన్నాయి, సరుకు పంపిన టోకు వ్యాపారి దగ్గర ఖాతా ఉంది, బ్యాంకుకు ఇచ్చిన స్టాకు స్టేట్‌మెంటు ఉంది. ఆధారాల్లేవని కొట్టేసిన పద్దులు వీటితో మళ్లీ లేవవచ్చు.

కోత పడ్డ ప్రతిచోటా అన్యాయమే జరిగిందని నేననను. ఇరవై లక్షల సరుకుకు పది లక్షలకే బీమా చేస్తే, నాలుగు లక్షల నష్టానికి రెండు లక్షలే రావడం సరైన లెక్కే. దాన్ని యావరేజ్ అంటారు. కానీ ఆ లెక్క వెయ్యకూడని చోట వేశారేమో చూసుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో యావరేజ్ కోతే లేదు. చిన్న వ్యాపారాల భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షలో, బీమా మొత్తం 15 శాతం దాకా తగ్గినా కోయకూడదు.

ఇక సంతకం. డిశ్చార్జి వోచరు మీద ‘ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్’ అని ఉంటుంది. అది చూసి హక్కు పోయిందనుకుంటారు. అజ్మేర్ సింగ్ కాటన్ మిల్స్ కేసులో 1999లోనే సుప్రీంకోర్టు, వోచరు మీద సంతకం ఉన్నంత మాత్రాన ఫిర్యాదు హక్కు పోదంది. మోసంతోనో, ఒత్తిడితోనో, తప్పుడు మాటలతోనో ఆ సంతకం తీసుకున్నారని చూపగలిగితే చాలంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2015 సెప్టెంబరులో ఇచ్చిన సర్క్యులర్ కూడా వోచరు ఇచ్చినవాళ్లు ఎక్కువ పరిహారం కోరవచ్చని స్పష్టం చేసింది. కాబట్టి డబ్బు తీసుకోండి, ఇల్లు బాగుచేసుకోండి. తీసుకునేటప్పుడే ‘అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను’ అని రాయండి. రాయనివ్వకపోతే ఆ రోజే ఈమెయిల్ పెట్టండి. సంతకం పెట్టి నెలల తరబడి మౌనంగా ఉండి, తర్వాత ఒత్తిడి చేశారంటే న్యాయస్థానం నమ్మడం కష్టం.

ఇంకో సలహా ఉంది, నాకు ఒళ్లుమండేది దానికే. ‘ఎలాగూ సగం కోస్తారు, రెండింతలు రాసెయ్’ అని. పాలసీ షరతుల్లో స్పష్టంగా ఉంటుంది, తప్పుడు లెక్క ఇస్తే మొత్తం క్లెయిమే పోతుంది. పోయిన ఫ్రిజ్ ఒకటైతే రెండని రాసినవాడు, నిజంగా పోయిన సరుకు విషయంలో కూడా నమ్మకం పోగొట్టుకుంటాడు. ఇలాంటి సలహా ఇచ్చేవాళ్లు నిజాయితీపరుల క్లెయిముల మీద కూడా అనుమానం పడేలా చేస్తున్నారు.

లాయరు ఫీజుల భయానికీ పెద్దగా ఆధారం లేదు. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా పరిహారం ఇప్పించవచ్చు. ఇళ్ల పాలసీలే కాదు, సొంతంగా నడుపుకునే చిన్న కొట్ల పాలసీలు కూడా అక్కడ వింటారు. ఆ తీర్పు కంపెనీ పాటించి తీరాలి. మీకు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉంటుంది.

ఆ కమిషన్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు. కంపెనీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తూ కూర్చున్నంత మాత్రాన ఆ గడువు ఆగదు. కాబట్టి క్లెయిము తేల్చినట్టు కంపెనీ పంపిన కాగితం మీద తేదీ ఏముందో ఈ రోజే చూసుకోండి.