పలక మారింది, పంతులమ్మ పని పెరిగింది

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలైంది. పిల్లలకు నాలుగున్నర లక్షలకు పైగా, వారికి పాఠం చెప్పే ఉపాధ్యాయులకు 59 వేలకు పైగా ట్యాబులు ఇస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. మరుసటి ఏడు హైస్కూలు గదుల్లో నల్లబల్ల పక్కన, తాకితే పనిచేసే పెద్ద తెరలు బిగించారు. ట్యాబుల్లో పాఠాలు నింపిన బైజూస్ సంస్థ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపట్ల పల్లెబడుల్లో పనిచేసే పంతులమ్మలకు ఇందులో కొత్తేమీ లేదు. వస్తువు వస్తుంది. దాన్ని వాడటం నేర్పే మనిషి రాడు. వచ్చినా ఒక పూట హాలులో వందమందిని కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు చూపించి, సంతకాలు తీసుకుని పోతాడు.

కుప్పానికి ఈ అనుభవం ఇరవై ఏళ్ల కిందటే అయింది. 2002లో హ్యూలెట్-ప్యాకర్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ అనే మూడేళ్ల పథకం పెట్టాయి. ఊళ్లలో కంప్యూటరు కేంద్రాలు తెరిచారు. ఆ పథకంలో చాలా భాగం కంపెనీ వెళ్లిపోయాక నిలవలేదు గాని, మనం గుర్తుంచుకోవలసింది ఒకటుంది. పొదుపు సంఘాల్లోని కొందరు స్త్రీలకు డిజిటల్ కెమెరా, సూర్యరశ్మితో నడిచే చిన్న ప్రింటరు ఇచ్చి ఫొటోలు తీయడం నేర్పారు. అంతకు ముందు కెమెరా ముట్టుకోని వాళ్లు ఊళ్లో ఫొటోగ్రాఫర్లయ్యారు, డబ్బు సంపాదించారు. పెద్ద చదువుల్లేని ఆ స్త్రీలకు సాధ్యమైంది, బి.ఎడ్. చేసిన టీచరుకు ఎందుకు కష్టమవుతోంది? జవాబు మరీ లోతుగా వెతకక్కర్లేదు. వస్తువు వాళ్ల చేతిలో ఉంది. రాబడి వాళ్లది. చెడిన ఫొటో మళ్లీ తీసుకునే వీలుంది. వెనకాల నిలబడి మార్కులు వేసే అధికారి లేడు.

బడుల్లో జరిగింది దీనికి తలకిందులు. 2008 తర్వాత రాష్ట్రంలో 5 వేల హైస్కూళ్లకు కంప్యూటర్లు వచ్చాయి. బోధకులను ప్రైవేటు ఏజెన్సీలు తీసుకున్నాయి, చాలీచాలని జీతాలతో. ఐదేళ్ల ఒప్పందం 2013లో ముగియగానే వాళ్లు ఇంటికి పోయారు. కంప్యూటరు వాళ్లది, తెలుగూ లెక్కలూ మిగతా టీచర్లవి అన్న గోడ మాత్రం నిలిచిపోయింది.

తర్వాత ఫోను వచ్చింది. అది పాఠం చెప్పడానికి సాయంగా రావడం కన్నా ముందు హాజరు పట్టీగా వచ్చింది. 2022 ఆగస్టు 16 నుంచి ఉపాధ్యాయులు తమ సొంత ఫోనులో ముఖం చూపించి హాజరు వేయాలన్నారు. సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మధ్యాహ్న భోజనం వివరాలు యాప్‌లో పెట్టాలన్నారు, కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫొటోలు కూడా తీసి పంపమన్నారు. ఒక మనిషికి ఫోను మొదట నిఘాగా పరిచయమైతే, దానితో తరగతిలో ప్రయోగాలు చేయాలని ఆమెకు ఎలా అనిపిస్తుంది? బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే గుండె దడ, కొండపక్క ఊళ్లో సిగ్నల్ అందకపోతే మళ్లీ దడ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 21 శాతం. పురుషుల్లో 48.8 శాతం. ఉద్యోగం చేసే టీచరు ఈ లెక్కలో మెరుగైన చోటే ఉంటుంది. అయినా కొత్త ఫోను ఇంట్లో ముందు ఎవరి చేతికి వెళుతుందో, ఎవరు దాన్ని గంటల తరబడి కెలికి కెలికి నేర్చుకుంటారో మనకు తెలుసు. కెలకడానికి తీరిక కావాలి. 2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు దీక్షా వేదిక మీద నిష్ఠా శిక్షణను ఆన్‌లైన్ చేశారు. చాలామంది పంతులమ్మలు వంట ముగించి, అంట్లు తోమి, రాత్రి పదింటికి ఆ వీడియోల ముందు కూర్చున్నారు. కొడుకు చేత క్లిక్ చేయించుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నారని స్టాఫ్‌రూములో ఎగతాళి చేసే మగ సహోద్యోగులు ఆ అంట్ల గంటను లెక్కలోకి తీసుకోరు. శిక్షణ బడి వేళల్లో జరగాలి. ఇది సౌకర్యం కోరడం కాదు, పనిగంటల హక్కు.

టీచర్లు కొత్త పద్ధతి నేర్చుకోలేరన్న మాటకు మదనపల్లె దగ్గరే సమాధానం ఉంది. రిషీ వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర నుంచి చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడిపారు. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ ఉంటారు. పాఠాన్ని కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా పేర్చి, ఎవరి మెట్టు వారు ఎక్కేలా చేశారు. స్థానిక యువతే టీచర్లు. 1995లో కర్ణాటక హెగ్గడదేవనకోట నుంచి వచ్చిన టీచర్లు దీన్ని చూసి వెళ్లి, తమ పిల్లలకు తగ్గట్టు మార్చుకున్నారు. అదే నలి-కలి అయింది. అట్ట ముక్క కూడా పనిముట్టే. సాటి టీచరు పాఠం చెబుతుంటే పక్కన కూర్చుని చూడటం, తిరిగి వెళ్లి తానూ చేసి చూడటం, పొరపాటైతే దిద్దుకోవడం - ఇంతకంటే మంచి శిక్షణ పద్ధతి ఇంకొకటి ఉందనుకోము. పెద్ద తెరకైనా అంతే. పదో తరగతి కుర్రాళ్ల ముందు వేలు తప్పు చోట పెట్టి నవ్వులపాలయ్యే కన్నా, నలుగురు పంతులమ్మలు ఖాళీ గదిలో ఒక మధ్యాహ్నం కూర్చుంటే సగం భయం పోతుంది.

ఇక భాష సంగతి. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. పిల్లల నోట తెలుగుతో పాటు తమిళం, కన్నడం వినిపిస్తాయి. పుంగనూరు, మదనపల్లెల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్ల ఆడపిల్లలున్నారు. నగరంలో తయారైన వీడియో ఈ పిల్లలతో వారి మాటల్లో మాట్లాడదు. దాన్ని మధ్యలో ఆపి 'ఇది మన టమాటా మండీలో తూకం లాంటిదే కదమ్మా' అని చెప్పగలిగేది టీచరొక్కతే. ఆపే మీట ఎక్కడుందో ఆమెకు తెలియాలి. ఆపే అధికారం తనదేనన్న ధైర్యం అంతకన్నా ముందు ఉండాలి. మదనపల్లెలో ఉండి జనగణమనకు స్వరం కూర్చిన మార్గరెట్ కజిన్స్‌ను పాట కోసమే తలుచుకుంటాం. ఆమె చొరవతో 1927లో పుణేలో అఖిల భారత మహిళా సభ చేరింది ఆడపిల్లలకు ఏ చదువు ఉండాలో స్త్రీలే చెప్పాలని.

మన సంఘాలు బడికి వెళ్లినప్పుడు ట్యాబులెన్ని అని అడిగి ఊరుకోవద్దు. వస్తువు పాడైతే టీచరు జీతంలో కోత పడదని రాతపూర్వకంగా ఇచ్చారా? సొంత ఫోనుకు, డేటాకు ఎవరు ఖర్చు పెడుతున్నారు? రాత్రి వేళ వాట్సాప్ గ్రూపులో వచ్చే ఆదేశాలకు జవాబివ్వకపోతే ఏమంటున్నారు? ఆ గ్రూపుల్లో అసభ్యమైన సందేశం వస్తే, 2013 చట్టం కింద ఫిర్యాదు చేయడానికి కమిటీ ఉందని పంతులమ్మలకు తెలుసా? తెరలున్న గది తాళం ఎవరి దగ్గరుందో కూడా అడగండి. బీరువాలో ఉందంటే, ఎన్నాళ్లుగా ఉందో రాసుకుని రండి.