ఆట ఆపనిదే బహిష్కరణ కాదు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో 1927లో కార్మికులు పని ఆపివేసి బెంగాల్ నాగపూర్ రైల్వే యాజమాన్యాన్ని ఎదిరించిన సంగతి విదితమే. ఉద్యోగాల తొలగింపునకు వ్యతిరేకంగా సాగిన ఆ పోరాట కాలంలో రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన వారిలో బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి.గిరి ఒకరు. ఆ పట్టణంలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లల చేతుల్లో నేడు వీడియో గేములున్నాయి. గేము కంపెనీ నిబంధన మార్చినప్పుడల్లా ‘బహిష్కరిద్దాం’ అనే పిలుపు ఎక్కడో ఒకచోట వినిపిస్తూనే ఉంది. సమ్మెను ఎరిగిన పట్టణం గనుక ఈ పిలుపులోని బలాబలాలను అక్కడివారే బాగా తూచగలరు.

2009లో ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మోడరన్ వార్‌ఫేర్ 2’ విడుదలకు ముందు, కంప్యూటరుపై ఆడేవారు సొంత సర్వర్లు నడుపుకొనే సౌకర్యాన్ని కంపెనీ తొలగించింది. ఆగ్రహించిన ఆటగాళ్లు మహజర్లపై సంతకాలు చేశారు, బహిష్కరణ సంఘం పెట్టారు. తీరా నవంబరు 10న గేము విడుదల కాగానే ఆ సంఘ సభ్యులే పెద్ద సంఖ్యలో అదే గేము ఆడుతూ కనిపించారు! అమెరికా, బ్రిటన్‌లలో తొలి రోజునే 47 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. కంపెనీ తన నిర్ణయం మార్చుకోలేదు. నాటి ఖరగ్‌పూర్ కార్మికుడు పని మానితే ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. వీరు వదులుకోవలసింది వినోదం మాత్రమే. అదీ వదులుకోలేకపోయారు.

2024 మే నెలలో కథ వేరుగా నడిచింది. ‘హెల్‌డైవర్స్ 2’ ఆడాలంటే సోనీ ఖాతా తప్పనిసరి అని ఆ సంస్థ ప్రకటించింది. ఆ ఖాతా తెరిచే వీలే లేని దేశాలు నూటికి పైగా ఉన్నాయి. అంటే అక్కడ డబ్బు చెల్లించి కొన్నవారికి ఆటే దక్కదన్నమాట. స్టీమ్ విక్రయశాలలో రెండు లక్షలకు పైగా ప్రతికూల సమీక్షలు వచ్చి పడ్డాయి. ఆటగాళ్లు డబ్బు వాపసు కోరారు. వారం తిరగకముందే సోనీ వెనక్కి తగ్గింది. కోరిక ఒక్కటే కావడం, నష్టం కళ్లకు కనిపించేది కావడం, కంపెనీ చేతికి వచ్చిన సొమ్మే తిరిగి పోయే పరిస్థితి రావడం ఈ విజయానికి కారణాలని మా అభిప్రాయం. (గేము తయారుచేసే ఉద్యోగులను దూషించడాన్ని కొందరు ఇందులో భాగమనుకుంటారు. అది బహిష్కరణ కాదు, దౌర్జన్యం.)

మన దేశంలో చిక్కు మరొకటి ఉంది. ఇక్కడ జనాదరణ ఉన్న గేములు చాలావరకు ఉచితం. బీజీఎంఐకి ఏడాదిలోనే పది కోట్ల మంది నమోదయ్యారని 2022లో క్రాఫ్టన్ ప్రకటించింది. ఇటువంటి గేముల్లో దుస్తులకూ, తుపాకుల రంగులకూ సొమ్ము పెట్టేవారు కొద్దిమందే. అయితే మిగిలినవారు లెక్కలోకి రారనుకోవడం పొరపాటు. చూసేవారు లేనప్పుడు ఖరీదైన దుస్తులు కొనేదెవరు? మార్కెట్ మూతపడితే కంపెనీ ఎంత త్వరగా కదులుతుందో 2020లోనే తేలింది. సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించగా, వారం లోపే కొరియా సంస్థ మన దేశంలో ఆ గేము ప్రచురణ హక్కులను చైనాకు చెందిన టెన్సెంట్ నుంచి వెనక్కి తీసుకుంటున్నట్లు ప్రకటించింది. ప్రభుత్వ నిషేధం, ప్రజల బహిష్కరణ ఒకటి కావు. కంపెనీకి తగిలే దెబ్బ మాత్రం ఒకే చోట.

కనుక ‘ఇక ఎన్నటికీ ఆడము’ అనే శపథాలు అనవసరం. అవి మూడో రోజే భగ్నమవుతాయి. కొన్న వస్తువును ముందస్తు నోటీసు లేకుండా మార్చరాదన్న ఒక్క కోరికపై, ఫలానా తేదీ నుంచి నెల రోజులపాటు ఎవరూ పైసా చెల్లించకుండా, ఉచితంగా ఆడేవారు సైతం గేము తెరవకుండా ఉండగలరా అన్నదే ప్రశ్న. ఎంతమంది నిలిచారో ఆటగాళ్లు చాటుకోనక్కరలేదు, ఆ లెక్క కంపెనీ కంప్యూటర్లలోనే ఉంటుంది.